వంటయింటి పండుగ

తెలుగువారి యిండ్లలో ప్రతి పండుగయు రెండుమారులు వచ్చును. పంచాంగములో వ్రాసిన తిథినాడు వచ్చునది ఒకటి. అంతకు వారము పదిదినములముందే వంటయింటిలో మొదలగునది మరియొకటి. మొదటిదానికి పురోహితుడు ముహూర్తము చెప్పును. రెండవదానికి ఇంటిలోని పెద్దామె చెప్పును. “రేపు బియ్యము నానబోయుదము” అని ఆమె యనుటతోనే ఇంటిలో పండుగ అడుగు పెట్టినట్లు.

నేడు పంచాంగపు పండుగ యథాప్రకారముగ వచ్చుచునే యున్నది. బడులకు సెలవు లిచ్చుచున్నారు, కొత్తబట్టలు కొనుచున్నారు, ముంగిళ్ళలో ముగ్గులు వేయుచున్నారు. కాని వంటయింటి పండుగ అనేక గృహములలో కనుమరుగగుచున్నది. అది పోవుటవలన కలుగు నష్టమేమి? ఆ తప్పు ఎవరిది? దానిని నిలుపుకొను మార్గము కలదా? ఈ మూడు ప్రశ్నలును ఆలోచింపదగినవి.

సంక్రాంతి అరిసెలను ఉదాహరణముగ తీసికొనవచ్చును. వరికోతలు, నూర్పిళ్ళు ముగిసి కొత్తధాన్యము ఇల్లు చేరు కాలమున ఈ పండుగ వచ్చును. ఆ కొత్తబియ్యమును ఒక పగలు, ఒక రాత్రి నానవేసి, నీరు వార్చి, తడి యారకముందే రోటిలో పోసి దంచుదురు. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగ నిలిచి ఒకరి తరువాత ఒకరు రోకటిపోటు వేయుచుండగా, మూడవ యామె పిండిని జల్లించుచుండును. జల్లించిన పిండిని చెమ్మ పోకుండ అదిమి మూతపెట్టుదురు. అంతలో పొయ్యిమీద బెల్లము కరగి పాకమగును. చల్లని నీటిలో ఒక చుక్క పాకము వేసి వ్రేళ్ళతో చేర్చి చూతురు. అది మెత్తని ఉండగ నిలిచినచో పాకము సిద్ధమైనట్లు. ఇక ఆలస్యము పనికిరాదు. ఒకరు పిండి పోయుచుండగా మరియొకరు తెడ్డుతో కలుపవలెను. అది బలము గల చేతి పని. కావున మగవారిని కూడ పిలుచుట కలదు. అట్లు సిద్ధమైన చలిమిడిలో మొదటి ముద్ద పిల్లల చేతిలో పడును. తరువాత ఉండలకు నువ్వులద్ది, ఆకుమీద తట్టి, కాగిన నూనెలోనో నేతిలోనో వేయుదురు. పొంగి తేలిన అరిసెను తీసి, రెండు చెక్కలనడుమ నొక్కి నూనె పిండుదురు.

ఈ పని యంతయు ఒక్కరు చేయదగినది కాదు. దంచుటకు ఇద్దరు, జల్లించుటకు ఒకరు, పాకము చూచుటకు అనుభవము గల పెద్దామె, కలుపుటకు బలశాలి, తట్టుటకు ఒకరు, వేచుటకు ఒకరు, నొక్కుటకు ఒకరు కావలెను. అందుచేత ఇరుగుపొరుగు స్త్రీలు ఒకనాడు ఒకరి యింటిలోను, మరునాడు మరియొకరి యింటిలోను చేరి పని పంచుకొనువారు. అరిసె యనునది తినుబండారము మాత్రమే కాదు. పలువురు ఒకచోట కూర్చుండి పనిచేసిరనుటకు అది గుర్తు.

తెలంగాణమున సంక్రాంతికి చేయు సకినాలు కూడ ఇట్టివే. నానిన బియ్యపు పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పరచిన బట్టమీద వ్రేళ్ళతోనే సన్నని త్రాడువలె త్రిప్పుచు, చుట్టులోపల చుట్టుగ వేయుదురు. దానికి గొట్టము లేదు, అచ్చు లేదు, వ్రేళ్ళే పనిముట్టు. వాడకట్టులోని స్త్రీలందరు గుండ్రముగ కూర్చుండి మాటలాడుకొనుచు చుట్టుచుండగా, పిల్లలు ప్రక్కన చేరి వంకరటింకర సకినములు చుట్టి నవ్వులపాలగుదురు. మరుసటి యేటికి ఆ వంకర కొంత తగ్గును. నాలుగేండ్లకు చేయి కుదురును. అదియే వారి పాఠశాల.

తెలుగువారి పిండివంటలు కాలమునుబట్టియు ప్రాంతమునుబట్టియు ఏర్పడినవి. వేప పూచి, మామిడి పిందె కాయగ మారు వేళకు ఉగాది పచ్చడి వచ్చును. భాద్రపదమున వినాయకచవితికి ఆవిరిమీద ఉడికిన కుడుములు, ఉండ్రాళ్ళు వచ్చును. కనుమనాడు మినుము తినవలెనను మాట గారెలను తెచ్చినది. సద్దుల బతుకమ్మనాడు తెలంగాణపు ఆడుబిడ్డలు తీరుతీరుల సద్దులును, రొట్టెను నలిపి బెల్లము కలిపిన మలీదయు పంచుకొందురు. కోస్తావారి బొబ్బట్లు రాయలసీమకు పోవుసరికి ఓళిగలు, భక్ష్యములు అగును. కృష్ణదేవరాయలు 16వ శతాబ్దమున రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువున ఏ వంటకములు పెట్టెనో వేరువేరుగ వర్ణించెను. కాలమెరిగి వండుట ఈ జాతికి అంత పాతది.

కొన్ని పండుగలకు పేరే వంటనుండి వచ్చినది. ఆశ్వయుజ బహుళ తదియ అట్లతద్ది. భాద్రపద బహుళ తదియ ఉండ్రాళ్ళతద్ది. అట్టు పోయనిచో అట్లతద్దిలో మిగులునదేమి? పేరు మాత్రమే. గింజ రాలిపోయిన కంకివలె అట్టి పేరు కొంతకాలము నిలిచి, పిమ్మట దాని యర్థమును అడిగిన చెప్పువారు కూడ లేకపోవుదురు.

నేటి స్థితి యెట్లున్నది? సంక్రాంతికి ముందు ఏ పట్టణపు వీధిలో నడచినను, మిఠాయి దుకాణముల ముందు అరిసెలు, జంతికలు, సున్నుండలు గుట్టలుగ కనబడును. వాటిని కిలోల లెక్కన తూచి, ప్లాస్టిక్ డబ్బాలలో పెట్టి యిత్తురు. కూర్చున్నచోటినుండి కదలకుండ ఫోనులో కోరినను ఇంటికి చేర్చువారు కలరు. అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను ఉన్న బిడ్డలకు తల్లిదండ్రులు కొని పంపు పొట్లములు సముద్రములు దాటి పోవుచున్నవి. ఉగాది పచ్చడి సైతము కొన్ని దుకాణములలో సిద్ధముగ దొరకుచున్నది. అంగడినుండి తెచ్చిన డబ్బా విప్పి దేవుని ముందుంచి, దీపము వెలిగించుటతో అనేకుల పండుగ ముగియుచున్నది.

నేటి ఇల్లాండ్రు సోమరులైనందున ఇట్లయినదని కొందరు నిందింతురు. ఆ నింద న్యాయమైనది కాదు. పూర్వము ఇంటిలో తోడికోడండ్రు, అత్తలు, మేనత్తలు, ఎదిగిన కూతుండ్రు ఉండిరి. ఇరుగమ్మలు పొరుగమ్మలు ఉండిరి. నేడు పట్టణములోని ఇంటిలో భార్యాభర్తలును, ఇద్దరు పిల్లలును ఉందురు. ఆ గృహిణి బడిలోనో, బ్యాంకులోనో, కార్యాలయములోనో పనిచేసి చీకటిపడు వేళకు ఇల్లు చేరును. ఆమె యుండు ఫ్లాటులో రోటికి చోటులేదు. ఉన్నను రోకటిపోటునకు క్రింది అంతస్తువారు తగవునకు వత్తురు. పిల్లలకు బడి ముగిసిన పిదప ట్యూషను. పదిమంది చేతులు చేసిన పనిని, అప్పటికే అలసియున్న రెండు చేతులమీద పెట్టి, అవి చేయలేకపోయినవని నిందించుట ఎట్టి న్యాయము?

పూర్వకాలము మాత్రము నిర్దోషమైనదా? కాదు. పండుగనాడు మగవారు అరుగుమీద కూర్చుండి కబుర్లాడుచుండగా, ఇంటియాడువారు తెల్లవారుజామునుండి పొగలో నుండి, అందరు తిన్న పిదప మిగిలినది తినిన ఇండ్లు అనేకములు. కులభేదముచేత ఒకరి వంట మరియొకరు ముట్టని రోజులును కలవు. ఆ దోషములు పోవలసినవే. ఒకామె కన్నీటిపొగలో ఉడికిన బూరె ఎంత తీయగ నున్నను, దానిని చూచి పాతకాలమే మేలని చెప్పరాదు. పోవలసినవి ఆ అన్యాయములు. వాటితోపాటు వంటయు పోవలెనని నియమము లేదు.

అంగడిలో కొనుట కూడ తప్పు కాదు. పిండివంటలు అమ్మి కుటుంబములను పోషించుకొను స్త్రీలు తెలుగునాట ఎందరో కలరు. గోదావరీతీరమున ఆత్రేయపురమను గ్రామము కలదు. అచ్చటి స్త్రీలు బియ్యము నానబెట్టి రుబ్బిన పలుచని పాలలో గుడ్డను ముంచి, బోర్లించిన వేడి కుండమీద పరచి లాగి, కాగితముకంటె పలుచని రేకులు తీయుదురు. ఆ రేకులలో నెయ్యి, పంచదార లేక బెల్లపు పొడి చల్లి మడచినవే పూతరేకులు. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పని అందరి యింట జరుగునది కాదు; దానికి తరతరముల నేర్పు కావలెను. అట్టివారి వద్ద కొనుట ఒక కళకు అన్నము పెట్టుట. కనుక కొనుటయా, వండుటయా అనునది ఇచ్చటి తగవు కాదు. ప్రతి పండుగకును, ప్రతి వంటకమును కొనుటయే అలవాటై, వండుట యనునది ఇంటినుండి పూర్తిగ తొలగిపోవుటయే ఆలోచింపదగిన విషయము.

దానివలన పోవునదేమి? మొదట పోవునది చేతివిద్య. పట్టణములో చదువుకొనుచున్న ఒక బాలిక అరిసెలు వండబూని, పల్లెలోని అమ్మమ్మకు ఫోను చేసెననుకొనుడు. “పాకం ఎప్పుడు దించాలి, అమ్మమ్మా?” అని ఆమె యడుగును. “వచ్చినప్పుడు దించాలి, తల్లీ” అని ముసలియామె యనును. “వచ్చినట్టు ఎలా తెలుస్తుంది?” “చెయ్యి చెబుతుంది.” ఆ సమాధానము విని బాలిక నవ్వవచ్చును. కాని అమ్మమ్మ చెప్పినది సత్యమే. పాకము లేతదైనచో అరిసె నూనెలో విచ్చిపోవును. ముదిరినచో రాయివలె గట్టిపడును. ఆ రెంటినడుమనున్న క్షణము కొద్దిపాటిది. బెల్లము తీరునుబట్టి, పిండిలోని చెమ్మనుబట్టి అది మారుచుండును. గడియారము దానిని చెప్పజాలదు. పుస్తకము కొంతవరకే చెప్పగలదు. ఫోనులో చూపు చిత్రములు మరికొంత చెప్పగలవు. మిగిలినది పొయ్యిప్రక్కన నిలిచి, నీటిలోని చుక్కను తన వ్రేళ్ళతో తాకి నేర్వవలసినదే.

ఇట్టి విద్యకు తాళపత్రములు లేవు. అది ఒక చేతినుండి మరియొక చేతికి అందుచు ఇంతకాలము వచ్చినది. నడుమ ఒక తరము చేయి చాపనిచో ఆ త్రాడు తెగును. నేడు పాకము తెలిసిన చేతులు అనేక యిండ్లలో డెబ్బదియేండ్లు దాటిన చేతులు. అవి ఎల్లకాలము వేచియుండవు. అంగడివాడు అరిసెను అమ్మగలడు గాని, అమ్మమ్మ చేతిని అమ్మలేడు.

రెండవది పంచుకొనుట. ఇంటిలో వండినప్పుడు లెక్కకు మించి వండుదురు; ఎక్కువైనది పళ్ళెములో పెట్టి గుడ్డకప్పి పొరుగిండ్లకు పంపుదురు. వచ్చిన పళ్ళెమును ఖాళీగ త్రిప్పి పంపరాదని ఒక మర్యాద కలదు. సంక్రాంతికి అరిసెలు పోయిన ఇంటినుండి రంజానుకు సేమ్యాల పాయసము వచ్చును. కోస్తాలో క్రిస్మసునాడు క్రైస్తవుల ఇండ్లలోను అరిసెలు వండుదురు. ఆ పళ్ళెమును తిరిగి హిందువుల ఇంటికి వచ్చును. ఇట్లు ఒక వీధిలోని వారికి ఒకరి చేతిరుచి మరియొకరికి తెలియుచుండెను. తూచి కొన్న అరకిలో డబ్బాలో ఇంటివారికే చాలునో చాలదో అను లెక్క యుండును. పొరుగువారి పాలు దానిలో చేరుట కష్టము. పళ్ళెము తిరుగుట ఆగినచోట పలకరింపు తగ్గుటయు సహజము.

మూడవది ఎదురుచూపు. అంగడిలో అరిసె అన్ని మాసములందును దొరకును. ఎప్పుడు కోరినను దొరకు వస్తువునకు పండుగ యెక్కడిది? ఏడాదికి ఒకమారు వచ్చు రుచికై బిడ్డలు దినములు లెక్కించుటలో ఒక యానందము కలదు. బెల్లము కరగిన వాసన ఇల్లంతయు నిండుటయే వారికి పండుగ వచ్చినదను చాటింపు.

ఇచ్చట కొందరు ఒక ఆక్షేపణము చేయుదురు. “నేటి దినములలో మధుమేహము, స్థూలకాయము హెచ్చినవి. నూనెయు తీపియు గల ఈ వంటలు తగ్గుటయే మేలు గదా!” అని వారి వాదము. అరిసె ఆరునెలల రోగమును బయటపెట్టునను సామెత తెలుగువారికి కొత్తది కాదు; మితము తప్పరాదని పెద్దలకును తెలియును. కాని పండుగ వంట ఇంటిలో తగ్గినంతమాత్రమున తీపి తినుట తగ్గలేదు. ఏడాదికి ఒకమారు తిను తీపిని విడిచి, వారమున కొకమారు దుకాణపు తీపిని తినుట అలవాటైనది. ఇంటిలో వండినప్పుడు ఎంత బెల్లము పోసినది, ఏ నూనె వాడినది, ఆ నూనెను ఎన్నిమారులు కాచినది తెలియును. చెమటోడ్చి చేసినదానిని మితముగ తినుటయు తెలియును. పైగా తెలుగువారి పండుగ వంటలన్నియు నూనెలో వేగునవి కావు. కుడుములు, ఉండ్రాళ్ళు ఆవిరిమీద ఉడుకును.

ఇక చేయవలసినదేమి? వెనుకటి కాలమును తిరిగి తెచ్చుట ఎవరితరమును కాదు. ఆ అవసరమును లేదు. రోలు లేనిచోట మిక్సీ కలదు. కట్టెపొయ్యి లేనిచోట గ్యాస్ పొయ్యి కలదు. తడిబియ్యమును మిక్సీలో వేసి జల్లించినను అరిసె వచ్చును. తగ్గినది యంత్రము కాదు, చేతులు. ఆ చేతులు ఇంటిలోనే కలవు. తండ్రికి రెండు చేతులు, కుమారునికి రెండు చేతులు, కుమార్తెకు రెండు చేతులు కలవు. పండుగ వంట కావలెనని కోరువారందరు పండుగ పనికి రావలెను. తినుటకు కూర్చుండువారు తట్టుటకును కూర్చుండవలెను. ఈ ఒక్క నియమము పాటించిన ఇంటిలో తల్లికి పండుగ భారము కాదు.

పదిరకములు చేయనక్కరలేదు. పండుగ కొక్క వంటకము చాలును. వినాయకచవితికి ఉండ్రాళ్ళతో మొదలిడవచ్చును: బియ్యపురవ్వను నానిన శనగపప్పుతో ఉడికించి, చల్లారిన పిదప ఉండలు కట్టి ఆవిరిమీద పెట్టుట ఎనిమిదవ తరగతి పిల్లలు పెద్దల యెదుట చేయదగిన పని. ఉగాదినాడు వేపపువ్వు ఏరుట, మామిడికాయ తరుగుట, చింతపండు పిసుకుట అంతకంటె సులభము. సంక్రాంతికి గవ్వలు వత్తుటకు దువ్వెనవంటి గాట్లు గల చెక్క యుండిన చాలును. అది పిల్లలకు ఆటయే. ఇట్లు చేయి కుదిరిన పిదప పాకము దగ్గరకు పోవచ్చును. పొయ్యియు, కాగిన నూనెయు పెద్దల చేతిలోనే యుండవలెను.

బాలురు ఇది ఆడువారి పని యని తప్పించుకొనరాదు. పెండ్లి విందులలో గుండిగలు దించి వందలమందికి వండువారిలో పురుషులెందరో కలరు. అచ్చట మగవారికి తగిన పని ఇంటిలో మాత్రము తగనిదగుటకు కారణము లేదు. వంట నేర్చిన బాలుడు రేపు పరదేశమున ఒంటరిగ నున్నప్పుడు, పండుగనాడు డబ్బాకొరకు ఎదురుచూడడు. తన పొయ్యిమీద తన పండుగను తాను తెచ్చుకొనును.

మరియొక పనియు విద్యార్థులు చేయదగినది కలదు. సెలవులకు పల్లెకు పోయినప్పుడు, అమ్మమ్మను గాని, నాయనమ్మను గాని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ యింటి పండుగ వంటను గురించి అడిగి ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. ఎన్ని మానికల బియ్యమునకు ఎంత బెల్లము, ఏ ఆకుమీద తట్టుట, ఏ పండుగకు ఏది, ఆ ప్రాంతమున దాని పేరేమి—అన్నియు వ్రాయవలెను. వ్రాసిన పిదప పుస్తకము మూసి, ఆమెతోకూడ పొయ్యియొద్దకు పోవలెను. పుస్తకము మరపునకు మందు. చేతికి మాత్రము అభ్యాసమే గురువు.

మొదటిమారు చేసిన అరిసె విచ్చిపోవచ్చును, రెండవమారు గట్టిపడవచ్చును. దుకాణములోని అరిసె గుండ్రముగ, నున్నగ నుండును. పిల్లవాడు తట్టినది వంకరగ నుండును. కాని ఆ వంకర అరిసెను ముందుగ తీసి నోట వేసికొనునది అమ్మమ్మయే. ఆమె నమలుచు, “పాకం ఇంకొంచెం ముదరాలి” అనును. ఆ యొక్క మాటతో ఒక చేతిలోని విద్య మరియొక చేతికి కొంత అందును. ఆ మాట చెప్పువారు ఇంటిలో ఉన్న కాలముననే వినుట వివేకము. వచ్చు సంక్రాంతికి బియ్యము నానబోయు వేళ పెద్దామె పిలుపునకై వేచియుండక, “అమ్మమ్మా, రేపు బియ్యం నానబోద్దామా?” అని పిల్లలే ముందుగ అడిగిన ఇంటిలో ఆ యేడు పండుగ రెండుమారులు వచ్చును.